వెండి కడియాల బరువు

కొత్తగూడ దగ్గరి తండా
12 జూన్ 2025

జనగామలో ఉన్న వియ్యపురాలు తుల్సీబాయికి మోతీబాయి రాయించేది.

మేం బతికే ఉన్నాం. మీరూ ఉన్నారనుకుంటాను. బాగోగులు అంతటితో సరి, ఇక సంగతి విను.

మొన్న నా మాట సగంలో ఉండగానే ఫోన్ పెట్టేశావు. ఇక్కడ నీళ్ల ట్యాంకు దిబ్బ ఎక్కితే గాని సిగ్నల్ దొరకదు. ఈ మోకాళ్లతో నేను దిబ్బ ఎక్కింది నీ చేత ఫోన్ పెట్టించుకోవడానికా? కాగితాన్ని అట్లా పెట్టేయలేవు. మన లంబాడీల గోరుబోలికి అక్షరాలు లేవు కాబట్టి తెలుగులో రాయిస్తున్నాను. కిరాణం కొట్టు దేవ్యా రాస్తున్నాడు. "పెద్దమ్మా, తిట్లు గిట్ల రాయమంటే నాతోని కాదు" అంటున్నాడు. తిట్లు తర్వాత వస్తాయి, ముందు ఇది రాయరా అన్నాను.

శోభ నీకు కోడలు కాకముందు నా మనుమరాలు. నా బిడ్డ జ్వరంతో పోయేనాటికి ఇది ఇంకా పాకుతోంది. దీని తండ్రి ఇంకొకతెను చేసుకొని ఈ దారి మరిచిపోయాడు. పోడు చెలకలో మంచె కింద జోలె కట్టి పెంచాను. ఇప్పుడు దానికి అయిదో నెల. "అవ్వా, బరువు పెరగలేదని నర్సమ్మ కోపం చేసింది" అని ఫోన్లో చెప్పింది. ఎట్లా పెరుగుతుంది? తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు తేలికవుతుందని కడుపుతో ఉన్నదాని కంచంలో అన్నం తగ్గించే అత్తలు ఉన్నారు. నువ్వు వాళ్లలో దానివా కాదా, తేల్చి రాయి.

మా తండా ఐలేశ్ వ్యాను జనగామ వస్తోంది. వాడి చేతికి కడియాలు ఇచ్చాను. అవి శోభ తల్లివి, మంచి వెండి, బరువుగా ఉంటాయి. తల్లి ఉన్న పిల్లకు నెలలు నిండుతుంటే తల్లి వచ్చి కూర్చుంటుంది. తల్లి లేని పిల్లకు తల్లి కడియాలు పోతాయి. మా ఇంటి పద్ధతి ఇది. దాని కాళ్లకు నువ్వే నీ చేత్తో తొడగాలి.

వేలిముద్ర వేసినది,
మోతీబాయి


జనగామ
27 జూన్ 2025

మోతీబాయి అవ్వకు తుల్సీబాయి దండాలు పెట్టి రాసేది.

ఫోన్ నేను పెట్టేయలేదు అవ్వా. అది నా కొడుకు దినేశ్ ఫోన్. వాడు పొద్దున్నే రైలెక్కి హైదరాబాద్ పోయి పని చేసి చీకటి పడ్డాక దిగే మనిషి. రైలు టైమైందని నా చేతిలోంచి లాక్కొని ఉరికాడు. నువ్వు దిబ్బ మీద నిలబడి నన్ను తిడుతూ ఉండి ఉంటావు. తిట్టినా వినపడలేదు, కాబట్టి తగల్లేదు.

కోడలి కంచంలో అన్నం తగ్గించేదాన్నా నేను? నేనూ తండాలో పుట్టిందాన్నే, నెల్లికుదురు దగ్గర. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి దాకా చదివాను కాబట్టి ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను, మధ్యలో మార్చడానికి ఎవరూ లేరు. పిల్లకు నాలుగు నెలలూ వాంతులే. జొన్నరొట్టె వాసనకు లేచిపోయేది. నేను కలిపి నోట్లో పెట్టిన ముద్దను మింగి, నా మొహం చూసి, పెరట్లోకి పరుగెత్తేది. అది నీకు చెప్పింది కాదు. నర్సమ్మ కోపం చేసిందని మాత్రం చెప్పింది.

కడియాలు అందాయి. నా చేత్తోనే తొడిగాను. పిల్ల ఏడ్చింది, తర్వాత నవ్వింది. నడిస్తే ఒకదానికొకటి తగిలి ఇల్లంతా చప్పుడు. పక్కింటి రబియా బీ గోడ మీంచి తొంగి చూసి "ఏంది తుల్సీ, మీ ఇంట్ల ఏనుగు గిట్ల తిరుగుతున్నదా?" అంటోంది.

ఇప్పుడు వాంతులు తగ్గాయి. నిన్న తూకానికి తీసుకుపోయాను. రెండు కిలోలు పెరిగింది. "గిట్లనే తినిపియ్" అని నర్సమ్మ నా భుజం తట్టింది. ఇక నువ్వు నన్ను ఒక్క మాట అనడానికి లేదు.

నీ వియ్యపురాలు
తుల్సీబాయి


కొత్తగూడ దగ్గరి తండా
15 జూలై 2025

తుల్సీబాయికి మోతీబాయి జవాబు.

నీ ఉత్తరం దేవ్యా చదివాడు. నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయట. నువ్వు పెట్టే కూడు కూడా అట్లా ఉంటే సంతోషమే.

రెండు కిలోలు పెరిగిందని ఎగిరెగిరి రాశావు. కాళ్లకు కడియాలు ఉంచే తూచారా, విప్పి తూచారా? రాయలేదు నువ్వు. ఉంచే తూచి ఉంటారు. అంటే నీ రెండు కిలోల్లో సగం నా వెండే. నా వెండిని బల్ల మీద నిలబెట్టి, నీ వంట గొప్పదని భుజం తట్టించుకొని వచ్చావు. ఈ ముక్క రాస్తూ దేవ్యా నవ్వు ఆపుకోలేక కొట్టు బయటికి పోయాడు. వాడు తిరిగి వచ్చేదాకా కూర్చున్నాను.

నవ్వు సంగతి సరే. ఒకటి గట్టిగా చెప్తున్నాను. నర్సమ్మ విప్పమన్నా, ఎవరు విప్పమన్నా కడియాలు విప్పకండి. బిడ్డ బయటపడేదాకా అవి దాని కాళ్లకే ఉండాలి. నడుమ విప్పితే, వచ్చి కూర్చున్న తల్లిని లేచిపొమ్మన్నట్టే. ఈ మాట శోభకు చదివి వినిపించు. నా మాట అది జవదాటదు.

ఎనిమిదో నెల రాగానే వచ్చి తీసుకుపోతాను. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. అంతవరకు దాని ఒంటికి కండ పట్టించు. వెండి తీసేసినా ముల్లు కదలకుండా ఉండాలి, అప్పుడు ఒప్పుకుంటాను నువ్వు అత్తవని.

మోతీబాయి


జనగామ
22 ఆగస్టు 2025

మోతీబాయి అవ్వకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి కోపంతో, ఒకసారి శోభ అడిగితే గట్టిగా. కడియాల మాట దగ్గర పిల్ల తల ఊపింది.

ఇప్పుడు విను. ఈ ఒక్క నెలలో నాలుగు కిలోలు! నీ మనుమరాలి మొహం పున్నమి చంద్రుడిలా అయింది. బుగ్గలు నిండాయి. చేతులకు గాజులు దిగకపోతే సబ్బు రాసి తీశాం. పెళ్లి ఉంగరం వేలికి పట్టేసింది. రోజూ గుడ్డు, పప్పు, పాలు, నెయ్యి, అన్నీ నా చేత్తోనే. రబియా బీ చూసి "మా జోయాను గూడ మీ ఇంట్లనే ఉంచుత, జర నువ్వే మేపు" అంది. ఆమె కోడలు జోయా కట్టెపుల్లలా ఉంటుంది.

తూకం బల్ల మీద ముల్లు చూసి నర్సమ్మ నొసలు ముడిచింది. "గింత తొందరగ ఎట్ల పెరిగింది?" అని అడిగింది. నాకు నీ ఉత్తరం గుర్తొచ్చింది. "మేడం, దాని కాళ్లకు వాళ్ల అవ్వ వెండి ఉన్నది, చీర కింద" అన్నాను. "గంత వెండా! నాకొకటి ఇప్పియ్యరాదు" అని నవ్వింది. అందరం నవ్వాం. శోభ కూడా తల వంచుకొని నవ్వింది.

అయినా మళ్లీ రమ్మంది. బీపీ కొంచెం ఎక్కువుందట. మూడు రోజులాగి తీసుకొస్తే వెండి తీసేసి తూచి, మూత్రం పరీక్ష కూడా చేస్తుందట. ఆటో దొరక్క ఎండలో నడిచి పోయాం, బీపీ ఎక్కదా మరి? నీ వెండి తీస్తే ముల్లు ఎంత దిగుతుందో మళ్లీ పోయి చూడాలా? నేను పోలేదు.

పిల్లకు అప్పుడప్పుడు తలనొప్పి. అంతే. మిగతా అంతా కులాసా.

కాన్పుకు మాత్రం పంపలేను. ఏమీ అనుకోకు. ఈ వానల్లో మీ వాగు దాటి దవాఖానకు రావాలంటే ఎంతసేపు పడుతుందో నీకే తెలుసు. ఇక్కడ బస్సులున్నాయి, అంబులెన్సు ఉంది. నువ్వే రా. నా ఇంట్లో నిన్ను మంచం మీద కూర్చోబెడతాను.

తుల్సీబాయి


కొత్తగూడ దగ్గరి తండా
2 సెప్టెంబర్ 2025

వియ్యపురాలు తుల్సీబాయికి,

మా తండాలో తీజ్ పండుగ అయిపోయింది. పిల్లలు ఆడుతుంటే శోభ ఆడిన చోటు చూస్తూ కూర్చున్నాను. అంతలో దేవ్యా వచ్చి ఫోన్లో ఫోటో చూపించాడు, దినేశ్ పంపాడట. నేను గుర్తుపట్టలేదు. "ఎవరురా గీ షావుకారి భార్య?" అన్నాను. "నీ మనుమరాలే పెద్దమ్మా" అన్నాడు.

తుల్సీబాయీ, నా నోటి నుంచి మంచి మాట రావడం కష్టం. వచ్చింది కాబట్టి పట్టుకో. నువ్వు బాగా చూసుకుంటున్నావు. దాని తల్లి ఏ రోజూ అంత నిండుగా లేదు. నేనూ లేను. మా ఇంట్లో ఏ ఆడదాని బుగ్గలూ అట్లా ఉబ్బలేదు. కండ పట్టించమన్నాను, పట్టించావు. ఒప్పుకుంటున్నాను.

దవాఖానకు మళ్లీ పోకుండా మంచి పని చేశావు. పోతే కడియాలు విప్పమంటారు. పోవద్దు. తలనొప్పి అంటే అది ఫోన్ చూసే తలనొప్పి. ఫోన్ గుంజుకో, తలకు ఆముదం పెట్టు.

కాన్పు సంగతి ఇంకా తేలలేదు. పుట్టింటికి పంపనని నువ్వు రాసింది నాకు నచ్చలేదు. మక్క కంకులు విరిచి ఇంట్లో పోసుకున్నాక నేనే వస్తాను. ఎదురుగా కూర్చొని తేల్చుకుందాం. మంచం మీద కాదు, నేల మీదే కూర్చుంటాను. నీ మంచం నా కోపాన్ని కొనలేదు.

మోతీబాయి


కొత్తగూడ దగ్గరి తండా
29 సెప్టెంబర్ 2025

తుల్సీబాయికి,

దండాలు లేవు, బాగోగులు లేవు.

ఫోన్ వచ్చిన పొద్దున ఐలేశ్ వ్యానులో బయలుదేరాను. వరంగల్ పెద్ద దవాఖానకు చేరేసరికి నా పిల్ల మీద బట్ట కప్పేశారు. కడుపు కోసి ఆడపిల్లను తీశారట, ఆ పిల్ల అద్దాల పెట్టెలో ఉందట. అరిచేయంత పిల్లను దూరం నుంచి చూపించారు. ఎవరిని అడిగినా ఫిట్స్, ఫిట్స్ అన్నారు. మా వంశంలో ఎవరికీ ఫిట్స్ లేవు.

కాళ్లకు పసుపు రాసింది నేను. నువ్వు గోడకు ఆనుకొని కూర్చున్నావు. ఆ కాళ్లు నా మనుమరాలివి కావనిపించింది. నీళ్లలో నానిన మొద్దుల్లా ఉన్నాయి. పసుపు రాస్తుంటే నా వేళ్లు లోపలికి దిగాయి, తీస్తే గుంటలు అట్లాగే ఉండిపోయాయి. అది మేపిన ఒళ్లా? ఏం పెట్టి మేపావు?

ఇంకొకటి. కాళ్లు బోసిగా ఉన్నాయి. కడియాలు లేవు. దవాఖాన వాళ్లను అడిగితే వచ్చినప్పుడే లేవన్నారు. అంటే మీ ఇంట్లోనే విప్పారు. చెప్పాను కదా విప్పొద్దని! ఎవరు విప్పారు? ఎవరి పెట్టెలో ఉన్నాయి? నా బిడ్డ వెండి మీద కన్నేసి నా మనుమరాలి కాళ్లు బోసి చేశారా?

తండా పెద్ద నాయక్‌తో మాట్లాడాను. దీపావళి అయ్యాక పంచాయతీ కూర్చుంటుంది. నువ్వూ నీ కొడుకూ రావాలి. అంతకు ముందు ఏం జరిగిందో మొదటి నుంచి రాసి పంపు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాయి. పదిమంది ముందు చదివిస్తాను.

మోతీబాయి


జనగామ
9 అక్టోబర్ 2025

అవ్వా,

రాయమన్నావు, రాస్తున్నాను. పదిమంది ముందు చదివించు.

ఆ రోజు దినేశ్ రైలుకు వెళ్లిపోయాడు. పిల్ల లేచి "అత్తమ్మా, కండ్ల ముంగట మెరుపులు మెరుస్తున్నయి" అంది. నేను ఆముదం గిన్నె తీసుకొచ్చాను. నువ్వు చెప్పావు కదా. తలకు పెడుతుంటే నా చేతుల్లోనే బిగుసుకుపోయింది. పళ్లు కరుచుకుంది. రబియా బీ గోడ దూకి వచ్చింది, ఆ వయసులో. చెంచా పెట్టి పళ్లు విడదీయాలని చూశాం. అంబులెన్సు వచ్చింది. ఇక్కడి దవాఖాన వాళ్లు సూది వేసి వరంగల్ పంపారు. దారిలో మళ్లీ ఫిట్స్ వచ్చాయి. తర్వాత నీకు తెలుసు.

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి అడిగింది. "నెలల నాలుగు కిలోలు పెరిగితే అనుమానం రాలేదా అమ్మా? గది తిండితోని వచ్చిన బరువు కాదు. బీపీ ఎక్కి ఒంట్ల నీరు చేరింది. ఉబ్బు, తలనొప్పి, అన్నీ దాని గుర్తులే. ముందే వస్తే మందులిచ్చి, బిడ్డను ముందుగ తీసి, ఇద్దరినీ దక్కించుకునేటోళ్లం కావచ్చు" అంది. వెండి అనుకున్నాం మేడం అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

ఇప్పుడు కడియాలు. నేను తీయలేదు, దాచలేదు. నీ ఉత్తరం వచ్చాక దినేశ్‌ను నిలదీశాను. వాడు నేల మీద కూలబడి చెప్పాడు. ఆఖరి తూకానికి ముందే అవి పిల్ల కాళ్లకు బిగిసి, చర్మం ఒరుసుకుపోయింది. వాడే సబ్బు రాసి తీశాడు. "అవ్వకు చెప్పకు, విప్పితే మంచిది కాదన్నది. అత్తమ్మకు చెప్తే అవ్వకు రాస్తది" అని ఒట్టు వేయించుకుంది. పాత చీరల మూటలో జాకెట్ గుడ్డలో చుట్టి ఉన్నాయి. చీర కుచ్చిళ్లు నేలకు రాసుకునేలా కట్టేది. ఇంట్లో చప్పుడు ఆగిపోయిందని నాకు తోచలేదు. నెలలు నిండుతున్నాయి, మెల్లగా నడుస్తోంది అనుకున్నాను.

అంటే అవ్వా, నేను నర్సమ్మతో వెండి ఉందని చెప్పి నవ్విన రోజు దాని కాళ్లకు వెండి లేదు. ఆ ముల్లు చూపిందంతా నీరే. శోభకు తెలుసు. నేను అబద్ధమాడినట్టు అవుతుందని, నీ మాట దాటినట్టు తెలుస్తుందని తల వంచుకొని నవ్వింది. ఆ నవ్వు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

పసిదాన్ని ఇంటికి తెచ్చాం. పాలు చెంచాతో పడుతున్నాం. దినేశ్ పనికి పోవడం మానేశాడు. చొక్కా విప్పి ఛాతీ మీద పిల్లను ఆనించుకొని కూర్చుంటాడు, నర్సమ్మ అట్లా నేర్పింది. పిల్ల బరువు మెల్లగా పెరుగుతోంది. తూకానికి పోయినప్పుడు ముల్లు వైపు చూడలేకపోతున్నాను.

పంచాయతీకి వస్తాను. ఏ శిక్ష వేసినా తలొంచుతాను. ఒక్కటి మాత్రం ఎవరికి చెప్పుకోవాలో తెలియక నీకే రాస్తున్నాను. భూపాలపల్లిలో ఇచ్చిన నా బిడ్డ కవితకు ఏడో నెల. ఒకసారి బీపీ చూపించండి, కాళ్లు చూడండి అని వాళ్ల అత్తకు ఫోన్ చేశాను. "నీ కోడల్ని చంపుకున్నవు, ఇగ నా కోడల్ని ఎట్ల సూసుకోవాల్నో నాకు నేర్పుతవా?" అంది. కవితకు ఫోన్ ఇవ్వడం లేదు. ఈ పసిదాన్ని వదిలి నేను పోలేను.

తుల్సీబాయి


కొత్తగూడ దగ్గరి తండా
24 అక్టోబర్ 2025

తుల్సీబాయికి మోతీబాయి రాయించేది.

నీ ఉత్తరం నాయక్ ఇంటి అరుగు మీద చదివించాను. దేవ్యా చదివాడు. "కడియాలు ఇప్పొద్దని చెప్పిందెవరు?" అని నాయక్ అడిగాడు. దేవ్యా తల ఎత్తలేదు. రాసిన చేయి వాడిదే కదా. నేనే చెప్పాను: "నేను. దవాఖానకు పోవద్దన్నది గూడ నేనే." నాయక్ చాలాసేపు తువ్వాలు మడతపెట్టి విప్పుతూ కూర్చున్నాడు. "మరి ఎవరి మీద కూసోవాలె మోతీబాయీ పంచాయతి?" అన్నాడు. లేచి ఇంటికి వచ్చాను.

పంచాయతీ లేదు. నిన్ను విడిచిపెట్టానని అనుకోకు. దాని మొహం ఉబ్బుతుంటే చంద్రుడన్నావు నువ్వు. షావుకారి భార్య అన్నాను నేను. ఇద్దరం కలిసి మెచ్చుకుంటుంటే ఆ పిల్లకు నొప్పి చెప్పుకునే సందు లేకుండా పోయింది. నువ్వు నన్ను క్షమించమని రాయలేదు, మంచి పని చేశావు. నేనూ రాయించను.

తర్వాత సంగతి. నేను భూపాలపల్లి పోయాను.

ఎట్లా పోయానని అడగకు. బస్సులో పోయాను, తప్పు బస్సెక్కి దిగి మళ్లీ ఎక్కాను. మీ కవిత ఇల్లు బొగ్గుగని కాలనీ వెనక వీధిలో దొరికింది. వాళ్ల అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి "ఎవలు నువ్వు? ఏమైతవు?" అంది. "నీ కోడలి వదినె సచ్చిపోయింది. దానికి అవ్వను" అన్నాను. "అయితే గీడికి ఎందుకొచ్చినవ్?" అంది. "కాళ్లు చూసి పోత" అన్నాను. "నా కోడలు మంచిగున్నది, ఎంత నిండుగైందో సూస్తలేవా?" అని కవితను గుమ్మంలోకి పిలిచి చూపించింది. తుల్సీబాయీ, ఆ నిండుగ అన్న మాట వినగానే నా ఒళ్లు మండింది. ఆమెను పక్కకు తోసేశాను. తోశాననే రాయరా దేవ్యా, మార్చకు. గడపలోనే కూలబడి మీ బిడ్డ చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తాను. పాపం, అది బిత్తరపోయి కదలకుండా నిలబడింది. కాలి ముందరి ఎముక మీద బొటనవేలు పెట్టి గట్టిగా అదిమి తీశాను.

గుంట పడలేదు.

రెండో కాలూ చూశాను. పడలేదు. అప్పుడు ఏడ్చాను. శోభను సాగనంపిన రోజు నేను ఏడవలేదు, నువ్వు చూశావు. ఆ ముసలిదాని గడపలో, అది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తుంటే కూర్చొని ఏడ్చాను. ఆమెకు ఏం తోచిందో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నీళ్లు ఇస్తూ కూడా తిట్టింది.

కవితను ఆ పూటే దవాఖానకు తీసుకుపోయాను. అత్త వెంట వచ్చింది, దారంతా గొణుగుతూ. చెప్పుల దగ్గర నుంచి ఒంటి మీది బరువు సొమ్ములన్నీ విప్పించి తూయించాను. పట్టీ చుట్టించి బీపీ చూపించాను. మూత్రం పరీక్ష చేయించాను. ఈ నెలకు బాగుందన్నారు. ఈ నెలకే అన్నారు. నెల నెలా చూపించాలట, ఆఖర్న వారం వారం చూపించాలట. నడుమ ఉబ్బు వచ్చినా, తల నొచ్చినా, కళ్లకు మెరుపులు కనిపించినా ఆ క్షణమే రావాలట. నర్సు చెప్తుంటే అత్త గోడ వైపు చూసింది. "మా అప్పుడు గివన్నీ ఉన్నయా?" అంది. ఆ మాట నాకు తెలుసు. నా నోట్లో పుట్టి పెరిగిన మాటే అది. అందుకే ఆమె మళ్లీ తీసుకుపోదని కూడా తెలుసు.

కాబట్టి నేను మళ్లీ పోతాను. వచ్చే నెల మొదటి శుక్రవారం ఆ దవాఖాన గేటు దగ్గర ఉంటాను. నువ్వూ రావాలి. పసిదాన్ని వదిలి రాలేనని రాయకు, గుడ్డలో చుట్టి దినేశ్ ఛాతీకి కట్టి తీసుకురా, వాడినీ రమ్మను. మాటలు లేకపోతే లేకపోనీ, ఒక బల్ల మీద ఆ చివర నువ్వు, ఈ చివర నేను కూర్చుందాం. కానీ ఆ ఇంటి గడపలోకి ఇద్దరం పోవాలి. అక్కడ ఒక్కదాని నోరు ఎంత పెద్దదైనా లాభం లేదు. ఒక్కదానివే వస్తే ఆ అత్త నిన్ను వెళ్లగొడుతుంది. నేను ఒక్కదాన్నే అయితే ఈసారి తలుపే తీయదు.

మోతీబాయి